అంతా ఖాతాలోనే ఉంది

రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక శాఖల వారికి నమస్కారాలు.

మీకు ముందుచూపు లేదనే వాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. వాన రాని ఏడాదికి ఒక నిధి, వాన ఎక్కువైన ఏడాదికి ఒక నిధి, పాత అప్పు గడువు తీరే రోజుకు ఒక నిధి, కార్పొరేషన్ల అప్పులకు మీరిచ్చిన హామీలు మెడకు చుట్టుకునే రోజుకు ఇంకో నిధి. ఇన్ని నిధులు పెట్టిన వాళ్లను పట్టుకుని ముందుచూపు లేదంటే ఎలా? ప్రతిదానికీ పేరుంది, పద్దు నంబరుంది, జీవో ఉంది. ఇక కావలసిందల్లా డబ్బు. ఆ ఒక్కటీ కనబడకపోతే ఇంత రాద్ధాంతమా?

చిన్నదానితో మొదలుపెడతాను. రాజ్యాంగం 267వ అధికరణం కింద ఆకస్మిక నిధి ఉంది. అసెంబ్లీ అనుమతి తెచ్చుకునే వ్యవధి లేనప్పుడు అందులోంచి తీసి వాడుకోవాలి, సభ ఆమోదించాక తిరిగి నింపాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిధి 50 కోట్ల రూపాయలు. 2024-25 రాష్ట్ర బడ్జెట్ 2.94 లక్షల కోట్లు, అంటే రోజుకు రమారమి 800 కోట్ల ఖర్చు. ఈ లెక్కన ఆకస్మిక నిధి గంటన్నరకు సరిపోతుంది. తెలుగు సినిమాకు ఇంటర్వెల్ పడే టైమన్నమాట. ఎంత పెద్ద ఆపదైనా విశ్రాంతి కార్డు పడేలోగా వచ్చి వెళ్లిపోవాలని మీరు పెట్టిన క్రమశిక్షణ ఇది. తుపానులు దీన్ని పాటించకపోతే అది వాటి సంస్కారం, మీ తప్పు కాదు.

మీ అసలు ప్రతిభ చూడాలంటే మాత్రం కన్సాలిడేటెడ్ సింకింగ్ ఫండ్ దగ్గరికి రావాలి. రాష్ట్రం చేసిన అప్పులు గడువుకొచ్చినప్పుడు తడుముకోకుండా తీర్చడానికి ఏటేటా కొంత పక్కన పెట్టుకోమని రిజర్వు బ్యాంకు 1999లో తెచ్చిన ఏర్పాటు అది. కిందటి ఏడాది చివరికి ఉన్న మొత్తం బాకీలో కనీసం అర శాతం జమ చేయాలి. 2048 పద్దులో ఖర్చు రాసి, 8222 పద్దులో జమ రాస్తారు. సొమ్ము మీ దగ్గర ఉండదు. నాగపూర్‌లోని రిజర్వు బ్యాంకు విభాగం చూసుకుంటుంది, కేంద్ర ప్రభుత్వ సెక్యూరిటీల్లో పెడుతుంది. ఇంతవరకు ఏ గుమాస్తా అయినా చేయగలడు. ఆ తర్వాతిదే మీ విద్య.

అలా దాచిన సొమ్మును చూపించి, అదే రిజర్వు బ్యాంకు దగ్గర స్పెషల్ డ్రాయింగ్ ఫెసిలిటీ పేరుతో చేబదులు తీసుకోవచ్చు. వడ్డీ రెపో రేటు కంటే తక్కువ. కాబట్టి మీరు పొదుపు చేసిన రూపాయి నాగపూర్ లెక్కల్లో చెక్కుచెదరకుండా ఉంటుంది; అదే రూపాయి బలాన పుట్టిన చేబదులు అమరావతిలో జీతాల బిల్లులోనో హైదరాబాద్‌లో పెన్షన్ల బిల్లులోనో తిరుగుతూ ఉంటుంది. ఒకే మనిషి ఒకే వేళ రెండు ఊళ్లలో కనిపించిన యోగుల కథలు చిన్నప్పుడు విని నవ్వుకున్నాం. మీ పద్దులు చూశాక ఆ నవ్వు మానేశాం. అష్టసిద్ధుల జాబితాలో ఇది లేదంటే, ఆ జాబితా రాసినవాళ్లకు ట్రెజరీ కోడ్ అందుబాటులో లేకపోవడమే కారణం.

ఇందులో నిబంధనకు విరుద్ధమైనది ఏదీ లేదని ఇక్కడే చెప్పాలి. అన్నీ రాతపూర్వకంగా ఒప్పుకున్నవే, అందుకే ఇంకా గొప్ప. దొంగచాటుగా తాకట్టు పెట్టడం ఎవరికైనా వచ్చు. దాచిన సొమ్మునే, దాచుకోమని చెప్పిన వారి దగ్గరే, వారి అనుమతితోనే తాకట్టు పెట్టి, రెండు లెక్కల్లోనూ మంచివాడనిపించుకోవడానికి సాధన కావాలి.

ఆ చేబదులు చాలకపోతే వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సు, రెపో రేటుకు. దాని పరిమితీ నిండితే ఓవర్‌డ్రాఫ్ట్, మరో రెండు శాతం ఎక్కువకు. అక్కడా హద్దు దాటితే ఐదు శాతం ఎక్కువకు. వరసగా 14 పనిదినాలకు మించి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే రిజర్వు బ్యాంకు చెల్లింపులు ఆపేస్తుంది. అందుకని గడువు ముంచుకొచ్చేసరికి ఎక్కడినుంచో డబ్బు తెచ్చి, ఖాతాను ఒక పూట గట్టెక్కించి, మర్నాడు మళ్లీ అదే లోతుకు దింపడంలో మీ చేతివాటం చూసి తీరవలసిందే. రిజర్వు బ్యాంకు నెలనెలా అచ్చువేసే పట్టికలో ఈ మూడు సదుపాయాలకూ మూడు గడులుంటాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ మూడు గడుల్లోనూ అంకెలతో కనిపించిన నెలలు తక్కువేమీ కావు. నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర, ఉద్యోగుల పంపకం దగ్గర పదేళ్లుగా తగాదా పడుతున్న అన్నదమ్ములు ఈ ఒక్క పేజీలో మాత్రం చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడతారు. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, ఈ సంప్రదాయానికి ఎవరూ అపచారం చేయలేదు.

మీ ధైర్యం గురించీ ఒక మాట. మంగళవారం అప్పు చేస్తే తీరదని మన ఇళ్లల్లో పెద్దవాళ్లు భయపెడతారు. రాష్ట్రాల సెక్యూరిటీలను రిజర్వు బ్యాంకు వేలం వేసేది మామూలుగా మంగళవారమే. వారం తప్పకుండా వరసలో నిలబడి ఆ మూఢనమ్మకాన్ని మీరు చెరిపేస్తున్నారు. ఒక్కోసారి అలా తెచ్చిన డబ్బు వెంటనే ఖర్చు కాకపోతే, మిగులుగా తేలి, 14 రోజుల ఇంటర్మీడియట్ ట్రెజరీ బిల్లుల్లోకి దానంతటదే వెళ్లి కూర్చుంటుంది. మీరు అప్పుకు కట్టే వడ్డీ కంటే ఆ బిల్లుల మీద వచ్చే వడ్డీ తక్కువ. ఎక్కువకు తెచ్చి తక్కువకు ఇవ్వడాన్ని వ్యాపారస్తులు నష్టమంటారు. మన సంస్కృతిలో దాన్ని దానమంటారు.

ఇక విపత్తు నిధి. ఇక్కడ నా భాష చాలదేమోనని భయం.

విపత్తుల నిర్వహణ చట్టం 2005లో వచ్చింది, దాని 48వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రానికీ విపత్తు స్పందన నిధి ఉండాలి. మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేసుకోవాలి. వరదో పిడుగో తుపానో వస్తే తప్ప ముట్టకూడని డబ్బు. పబ్లిక్ అకౌంట్‌లో 8121 పద్దు కింద ఉంటుంది, వడ్డీ కూడా ప్రభుత్వమే కట్టాలి. పబ్లిక్ అకౌంట్ అంటే ప్రత్యేకంగా ఒక బీరువా అనుకునేవాళ్లున్నారు, పాపం. బయట మదుపు చేయనంతకాలం అదొక పేజీ మాత్రమే. రాష్ట్రం నగదంతా ఒకే కుండలో ఉంటుంది. ఎవరికెంత రావాలో పుస్తకంలో రాసి ఉంటుంది. నిధిలో ఉన్నదంతా పుస్తకంలో ఉంది, కుండలో ఉన్నదంతా నిన్నటి బిల్లులకు పోయింది. నిధి ఖాళీ అయిందని ఎవరైనా అంటే పుస్తకం తెరిచి చూపించవచ్చు, పైసాతో సహా. నిధుల్ని మదుపు చేయలేదని, కట్టవలసిన వడ్డీ కట్టలేదని కాగ్ వాళ్లు రాష్ట్రాల నివేదికల్లో తరచూ రాస్తుంటారు. అర్థం చేసుకోండి, వాళ్లు లెక్కలు చూసేవాళ్లు, తత్వం చదువుకోలేదు.

కోవిడ్ కాలంలో ఆంధ్రప్రదేశ్ ఈ నిధి నుంచి 1,100 కోట్ల రూపాయలు తీసి వ్యవసాయ శాఖ పీడీ ఖాతాలోకి చేర్చింది. కోవిడ్‌తో పోయినవారి కుటుంబాలకు 50 వేల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వవలసింది ఇదే నిధి నుంచి. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 జులై 18న ఆ 1,100 కోట్లనూ రెండు వారాల్లో విపత్తు నిధికి తిరిగి చేర్చమని కోర్టు ఆదేశించింది. నిధిని కాపాడటంలో ఇంత ఉన్నత ప్రమాణం ఇంకెక్కడుంది చెప్పండి? మామూలు వాళ్లు బీరువాకు తాళం వేసి ఊరుకుంటారు. మీ బీరువాకు తాళం తిలక్ మార్గ్, న్యూఢిల్లీలో ఉంది, అదీ కక్షిదారు ఖర్చులు పెట్టుకుని వెళ్లి తెస్తేనే పడుతుంది.

పీడీ ఖాతా అనే మాట దొర్లింది గనుక దాని మహిమ కూడా రెండు ముక్కల్లో. పర్సనల్ డిపాజిట్ ఖాతా, 8443 పద్దు. బడ్జెట్ నుంచి డబ్బు తీసి ఈ ఖాతాలో వేస్తే ఆ క్షణాన అది ఖర్చు అయిపోయినట్టే లెక్క. నిజంగా ఖర్చు చేశారా లేదా అన్నది ఖాతాదారు దయ, పైగా మీ దయ. కంచర్ల గోపన్న కథ విన్నప్పుడల్లా ఈ ఖాతా గుర్తొచ్చి బాధేస్తుంది. పాల్వంచ పరగణా తహసీల్దారు, వసూలైన శిస్తును భద్రాచలం గుడికి మళ్లించాడని తానీషా గోల్కొండ ఖిల్లాలో పన్నెండేళ్లు బంధించాడని అంటారు. నిందాస్తుతికి మన భాషలో పెద్దదిక్కు ఆయనే. నిజానికి ఆయన చేసిన తప్పల్లా పీడీ ఖాతా తెరవకపోవడం. తెరిచి ఉంటే శిస్తు సొమ్ము చెల్లింపు కింద చూపించి, గుడి పని తాత్కాలిక సర్దుబాటు కింద రాసి, హాయిగా ప్రమోషన్ మీద గోల్కొండ వెళ్లేవాడు. మనకు కీర్తనలు మిగిలేవి కావు, అదొక్కటే నష్టం.

కొన్నేళ్ల కిందట ఆంధ్రప్రదేశ్ సర్పంచులు ఇలాగే గొడవ చేశారు. ఆర్థిక సంఘం గ్రాంటు పంచాయతీ ఖాతాలో పడిందని సంబరపడి, కాలువ పూడిక తీయించుకుందామని చూస్తే ఖాతాలో సున్నా. కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేశామన్నారు. ఊరి వీధిదీపం వెలుగుతున్నందుకు సంతోషించక, డబ్బు ఏదని రోడ్డెక్కడం ఏం మర్యాద?

ఏటా మార్చి 31 నాటి సబ్‌ట్రెజరీ కిటికీని ఒకసారి చూడండి, ఈ నిధుల ఫలం ప్రజలదాకా ఎలా వస్తుందో తెలుస్తుంది. స్కూలు ప్రహరీ కట్టిన చిన్న కాంట్రాక్టరు ఉంటాడు. రిటైరై ఏడాది దాటిన టీచరు ఉంటారు, తన జీపీఎఫ్ సొమ్ము కోసం. జీపీఎఫ్ కూడా పబ్లిక్ అకౌంట్ పేజీయే, ఆమె ముప్పై ఏళ్ల జీతంలోంచి మీ కుండలో పోసినది. బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కింది, టోకెన్ నంబరు వచ్చింది, స్టేటస్ మారదు. కిటికీ వెనకాయన మంచివాడు, పేచీ పెట్టడు. ‘మా దగ్గర ఆగలేదమ్మా, పైన ఆగింది’ అంటాడు. పొద్దుపోయాక ఆ ఏడాది బిల్లులకు కాలం తీరిపోతుంది. ఏప్రిల్‌లో మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి. మీకు అసలైన రిజర్వు నిధి ఆ కిటికీ ముందు వరస అని నేను చాలాకాలం గ్రహించలేకపోయాను. వడ్డీ అడగదు, హామీ అడగదు, 14 రోజుల గడువు లేదు, రిజర్వు బ్యాంకు పట్టికలో కనిపించదు. ఎన్ని వేల కోట్లయినా మోస్తుంది. పైగా ప్రతి ఏప్రిల్‌లో తనే వచ్చి మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటుంది.

ఇంత చెప్పినా, బాగా రాబడి వచ్చిన ఏళ్లలోనైనా దాచవచ్చుగా అనేవాళ్లుంటారు. వాళ్లకు మీ సిద్ధాంతం అర్థం కాలేదు. ఇవాళ్టి డబ్బును రేపటికి దాచడం పాత పద్ధతి. రేపటి డబ్బును ఇవాళే తెచ్చుకోవడం మీ పద్ధతి. 2023 తెలంగాణకు ఎంత పుణ్యకాలమో గుర్తుందా? కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100 కోట్లు దాటింది, ఒక్క రోజు వేలంలో 3,319 కోట్లు వచ్చింది. భూమి ఒకసారే అమ్ముడుపోతుంది కాబట్టి ఆ డబ్బు ఏళ్ల తరబడి ఉండాలనుకోవడం చాదస్తం. అదే ఏడాది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 30 ఏళ్ల టోల్ వసూలు హక్కును 7,380 కోట్లకు ఇచ్చేశారు. 2053లో టోల్ కట్టబోయేవాడు ఇంకా పుట్టి ఉండడు, వాడి వంతు మనం వాడేశాం. డిసెంబరులో మొదలు కావలసిన మద్యం దుకాణాల లైసెన్సులకు ఆగస్టులోనే దరఖాస్తులు పిలిచారు. తలా రెండు లక్షల తిరిగిరాని ఫీజుతో లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చి 2,600 కోట్లకు పైగా రాలింది. మధ్యలో ఎన్నికలున్నాయి. వచ్చే ప్రభుత్వానికి లెక్కలు రాసే శ్రమ తప్పించారు. కృష్ణకు ఇవతల ఆంధ్రప్రదేశ్ కూడా తక్కువ తినలేదు. రాష్ట్రాభివృద్ధి కార్పొరేషన్ పెట్టి, రాబోయే ఏళ్ల మద్యం రాబడిని చూపించి బ్యాంకుల నుంచి వేల కోట్లు తెచ్చారు. ఇంకా తాగని సీసా మీద, ఇంకా తాగడం నేర్వని కుర్రాడి మీద అప్పు పుట్టించినవాళ్లకు పొదుపు రాదనడం అవివేకం.

అలాంటి కార్పొరేషన్ల అప్పులకు, కాళేశ్వరం లాంటి వాటికి, మీరు హామీ సంతకం పెడతారు. హామీ బెడిసికొట్టినప్పుడు కట్టడానికి గ్యారంటీ రిడెంప్షన్ ఫండ్ ఉంది, 2001 నాటి పథకం. హామీలు ఏ వేగంతో పెరిగాయో, ఆ నిధి ఏ వేగంతో పెరిగిందో పక్కపక్కన పెట్టి చూడకూడదు. పెద్దవాళ్లను, చిన్నపిల్లలను పరుగుపందెంలో పోల్చరు.

లోకంలో మీ అంత నమ్మకస్తులు కానివాళ్లు ఏం చేస్తున్నారో చూస్తే నవ్వొస్తుంది. డల్లాస్, హ్యూస్టన్‌లలో మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్న టెక్సస్ రాష్ట్రం 1988లో ఓటర్ల దగ్గరికి వెళ్లి రాజ్యాంగ సవరణ చేయించుకుని ఆర్థిక స్థిరీకరణ నిధి పెట్టుకుంది. చమురు, గ్యాస్ పన్ను 1987 నాటి స్థాయిని మించినప్పుడు ఆ మించినదాంట్లో ముప్పాతిక వంతు పక్కకు తీయాలి. 2014 నుంచి అందులో కొంత రోడ్లకు ఇస్తున్నారు. తీసి వాడాలంటే కొన్ని సందర్భాల్లో రెండు సభల్లోనూ అయిదింట మూడు వంతుల ఓట్లు, మిగతావాటికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఇప్పుడు అందులో 2,000 కోట్ల డాలర్లకు పైగా ఉంది. దాని సంగతీ చూశాం. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు కరెంటు పోయి జనం గడ్డకట్టినప్పుడు నిధి మాత్రం వెచ్చగానే ఉంది. పొదుపు చేతకాని ప్రభుత్వం కంటే పొదుపు తప్ప ఏమీ చేతకాని ప్రభుత్వం మేలని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ మంత్రి సంతకంతో కదలని డబ్బు అనేదొకటి ఉంటుందని మాత్రం వాళ్లను చూసి తెలుసుకోవచ్చు. అంతదూరం ఎందుకు, శ్రీకాకుళం దాటితే ఒడిశా. గనుల రాబడి ఎగుడుదిగుడులు తట్టుకోవడానికి బడ్జెట్ స్థిరీకరణ నిధి పెట్టుకుంది. ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర నుంచి కనిపించేంత దగ్గర. ఎప్పుడైనా అటు చూడవలసి వస్తుందేమో, జాగ్రత్త.

మన నిధులకు నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. సింకింగ్ ఫండ్‌లో అసలు కదపకుండా పేరుకున్న వడ్డీతో పాత అప్పులు తీర్చాలన్నది దాని ఉద్దేశం. 2020 మేలో కోవిడ్ దెబ్బకు రిజర్వు బ్యాంకే ఆ నిబంధన సడలించి, దేశంలోని రాష్ట్రాలన్నీ కలిపి అదనంగా 13,300 కోట్ల దాకా తీసుకునే వీలు కల్పించింది. మామూలుగా తీసుకోగలిగినదీ కలుపుకుంటే ఆ ఏడాది తీర్చవలసిన అప్పుల్లో సుమారు 45 శాతానికి సరిపోతుందన్నారు. అది నిజమైన కష్టకాలం, నిధి ఉన్నందుకు అక్కరకొచ్చింది. ఈ ఒక్క వాక్యం నేను వ్యంగ్యం లేకుండా రాశాను, క్షమించండి. మీ ఇతర నిధుల విషయంలో నిబంధన రాసేది మీరే, సడలించేది మీరే, సడలించవలసిన కష్టకాలం వచ్చిందని ప్రకటించేదీ మీరే. కంచే చేను మేస్తోందని ఆడిపోసుకునేవాళ్లు కంచెకూ ఆకలి వేస్తుందని ఎందుకు ఆలోచించరో తెలియదు.

ఒక చిన్న మనవితో ముగిస్తాను. వచ్చే బడ్జెట్ ప్రసంగంలో ఇంకో కొత్త నిధి ప్రకటించే ఆలోచన ఉంటే, దానికి మహనీయుల పేరు పెట్టండి, లోగో చేయించండి, జిల్లాకో ప్రారంభోత్సవం జరపండి. జమ సంగతి తొందరేం లేదు. ఆ ఏర్పాట్ల బిల్లు మాత్రం మార్చి 31 లోపు పెట్టించవద్దు, షామియానా వాడు నాకు తెలిసినవాడు, పోయిన ఏడాది సభ తాలూకు డబ్బే ఇంకా రాలేదంటున్నాడు. ఇంకా చాలా పొగడాలని ఉంది గానీ, రేపు మంగళవారం. మీకు పనుంటుంది.